ఖబరస్తాన్ రిజిస్టరులో ఒక పేరు

మా మదరసాలో ఆలిమ్ కోర్సు ముగించి, ఆ తరువాత బి.ఏ. కూడా పూర్తిచేసిన నా శిష్యుడొకడు ఇప్పుడు హైదరాబాదులో ప్రభుత్వ పాలనాశాస్త్రంలో ఎం.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నాడు. రమజాను సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు, తరావీహ్ నమాజు తరువాత నా వద్ద చాలాసేపు కూర్చున్నాడు. ఆ రాత్రి అతడు చెప్పిన విషయాల్లో ఒకటి నాకు సంబంధించినది. దానిని పాఠకులకు చెప్పకుండా దాచుకోవడం భావ్యం కాదనిపించింది.

అతడు ఈ విషయాన్ని ఎంచుకున్నప్పుడు నేను సంతోషించలేదన్నది ముందుగా ఒప్పుకోవాలి. “గ్రూప్స్ పరీక్షలకు మెట్టుగా పనికొస్తుందేమో గాని, బేటా, ఇందులో విద్య ఏముంది?” అని అడిగాను. అతడు ఎదురు చెప్పలేదు. మంచి శిష్యులతో ఉన్న చిక్కే అది. వాళ్లు జవాబును రెండేళ్లు దాచి ఉంచుతారు.

మొదటి సంవత్సరం ఇంగ్లీషు పుస్తకాలతోనే సరిపోయిందట. ఉడ్రో విల్సన్ 1887లో వ్రాసిన వ్యాసంతో ఈ శాస్త్రానికి శ్రీకారం జరిగిందని చెబుతారట. మాక్స్ వెబర్ అనే జర్మన్ పండితుని పాఠం వద్ద మాత్రం అతడు ఆగిపోయాడు. పదవి దానిలో కూర్చున్నవాని సొత్తు కాదు, పని వ్రాతపూర్వకంగా సాగాలి, వచ్చినవాడు ఎవడైనా నియమం ఒకటే ఉండాలి అన్నది ఆ పాఠం సారాంశం. అది చదువుతుంటే మా తరగతిలో చెప్పుకున్న బుఖారీ హదీసు గుర్తుకొచ్చిందన్నాడు. జకాత్ వసూలుకు వెళ్లివచ్చిన ఒక ఉద్యోగి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చినది అని సొమ్మును రెండు భాగాలు చేసి చూపగా, దైవప్రవక్త (సఅసం) మింబరుపై నిలిచి, అతడు తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుకలు వచ్చేవా అని నిలదీసిన ఉదంతం మీకు తెలిసినదే.

సెమినారులో అతడు హజ్రత్ ఉమర్ (రజి) నెలకొల్పిన దీవాను గురించి మాట్లాడాడట. ప్రజల పేర్లు వ్రాయించి బైతుల్‌మాల్ నుండి భత్యం పంచిన రిజిస్టరు అది. మొదట్లో పాలు మాన్పిన పిల్లలకే భత్యమనే నియమం ఉండేది. ఒక రాత్రి పసివాని ఏడుపు ఆగకపోవడంతో ఖలీఫా విచారిస్తే, భత్యం కోసం తల్లి గడువుకు ముందే పాలు మాన్పుతున్నట్లు తేలింది. ఆ ఫజ్ర్ నమాజులో ఆయన దుఃఖానికి ఖిరాఅత్ సరిగా వినబడలేదంటారు. పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యమని వెంటనే చాటింపు వేయించారు. “ఉద్దేశం మంచిదైనా నియమం హాని చేయగలదు, దానిని కాగితంలో కాదు, ఇంటి గుమ్మం దగ్గర చూడాలి. మా శాస్త్రమంతా దీని చుట్టూనే తిరుగుతుంది, ఉస్తాద్” అన్నాడు.

నాకు గర్వం కలిగింది. “చూశావా, ఇదంతా మన వద్ద ముందే ఉంది” అన్నాను. అతడు కొంచెంసేపు తల వంచుకుని, “ఉంది, ఉస్తాద్. మన మస్జిదు రిజిస్టరులో ఉందా?” అని అడిగాడు.

ఆ ప్రశ్న వెనుక ఉన్న కథ ఇది. పరిశోధనా వ్యాసానికి అతడు వితంతు పింఛను దరఖాస్తులను ఎంచుకున్నాడు. 2014లో తెలంగాణలో ‘ఆసరా’ పేరిట మొదలైన పింఛను అది. ఆరు వారాలు ఒక మండల కార్యాలయపు బల్లమీద, దరఖాస్తుదారుల పక్కన కూర్చున్నాడు. సిబ్బంది దుర్మార్గులేమీ కారట. ఒక్క మనిషి ఎన్నో పథకాల కాగితాలు చూస్తూ, సరిపోని కాగితాన్ని పక్కన పెడుతూ ఉంటాడు, అంతే. ఆ పక్కన పెట్టిన కాగితాలలో మా మొహల్లా స్త్రీది ఒకటి కనిపించింది. భర్త చనిపోయి రెండేళ్లు కావస్తున్నా ఆమెకు మరణ ధృవీకరణ పత్రం లేదు.

ఎందుకు లేదో వినండి. చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజులలో నమోదు చేయించాలి. గ్రామాల్లో పంచాయతీ కార్యదర్శి, పట్టణాల్లో మున్సిపాలిటీ ఆ పని చూస్తాయి. ఆమె నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో ఉంది. పిల్లలు చిన్నవాళ్లు, మరిది దుబాయిలో. మగవాళ్లెవరూ తలపెట్టలేదు. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు అధికారం గలవారి ఉత్తర్వే కావాలి. ఉత్తర్వుకు ఆధారం అడిగితే, ఆమె ఖబరస్తాన్ రిజిస్టరు నకలు తెచ్చింది. అందులో మొహల్లా అంతా పిలిచే ముద్దుపేరు తప్ప ఆధార్‌లోని అసలు పేరు లేదు. తండ్రి పేరు లేదు. తేదీ హిజ్రీలో మాత్రమే ఉంది.

ఆ వ్రాత నాదే. జనాజా నమాజు చదివించినదీ నేనే. మర్హూమ్ ఎవరికైనా బాకీ ఉంటే చెప్పండి అని సఫ్‌ల ముందు నిలబడి అడిగాను. ఆయన మరణాన్ని ఎవరు నమోదు చేయిస్తారని మాత్రం అడగలేదు. అది దునియా వ్యవహారమని నా మనసులో ఉండి ఉంటుంది. అప్పు ఇచ్చిపుచ్చుకుంటే వ్రాసి పెట్టుకోమని దివ్య ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయతు ఆదేశిస్తుందని ఏటేటా పాఠం చెప్పేవాణ్ణి.

శిష్యుడు ఇంకొక మాట కూడా చెప్పాడు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 10వ సెక్షను, ఖబరస్తాన్ నిర్వాహకులు తమ ఎరుకలోని మరణాలను రిజిస్ట్రారుకు తెలియజేయాలని అంటుందట. ఇన్నేళ్లూ కార్యాలయాలను విమర్శిస్తూ వచ్చాను. చట్టం దృష్టిలో ఆ పనిలో కొంతభాగం మా మీదే ఉందని నాకు తెలియదు.

ఇప్పుడు మా రిజిస్టరులో గడులు మారాయి. ఆధార్‌లో ఉన్న పేరు అదే అక్షరక్రమంలో, తండ్రి లేదా భర్త పేరు, రెండు క్యాలెండర్ల తేదీలు, సమాచారం ఇచ్చినవారి సంతకం. ‘షేక్’ అన్న ఒక్క మాటను మన ఇళ్లలో నాలుగు విధాల వ్రాస్తారు కాబట్టి కార్డు చూడకుండా వ్రాయడం మానేశాము. ప్రతి శుక్రవారం ఆ వారపు మరణాల జాబితాను ఒక యువకుడు రిజిస్ట్రారుకు అందజేస్తున్నాడు. ఇద్దత్‌లో ఉన్న స్త్రీ ఈ పనికి బయటికి రావలసిన అవసరమే లేదు, ఇంటి పెద్ద లేదా దగ్గరి బంధువు వెళితే చాలు. ఎవరూ లేని పక్షంలో అవసరం నిమిత్తం పగలు వెళ్లి రాత్రికి ఇల్లు చేరవచ్చునని మన ఫిఖహ్ గ్రంథాలు అనుమతించాయి కూడా. ఈ మసలా తెలియక నష్టపోతున్న ఇళ్లు ఇంకా ఎన్నో ఉండవచ్చు.

నేను ఆ స్త్రీ ఇంటికి వెళ్లి, గుమ్మం బయటే నిలబడి, తప్పు నాదని చెప్పాను. ముద్దుపేరు, అసలు పేరు ఒకే వ్యక్తివని సంతకం చేసి ఇచ్చాను. జనాజాలో పాల్గొన్న మరి ఇద్దరు కూడా చేశారు. ఫైలు ఇప్పుడు డివిజను కార్యాలయంలో ఉంది, ఉత్తర్వు ఇంకా రాలేదు. రిజిస్టరులోని ఆ పుట నకలును పరిశోధనా వ్యాసానికి జతచేయవచ్చునా అని శిష్యుడు అడిగాడు. పేర్లు కప్పివేసి జతచేయమన్నాను. నా సంతకం కూడా కప్పనా అన్నాడు. దానిని అలాగే ఉంచమన్నాను.