పది గంటల చట్టం తెచ్చిన ప్రభువు



జమీందారు బిడ్డ గురించి కార్మికుల పత్రికలో సంపాదకీయమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మిల్లులో పని గంటలకు చట్టం హద్దు పెట్టాలని ఇంగ్లండ్ పార్లమెంటులో ఏళ్ల తరబడి పోరాడిన వాళ్లలో ముఖ్యుడు ఒక ప్రభువే. ఆయన పేరు ఆంథొనీ ఆష్లే కూపర్. మొదట లార్డ్ ఆష్లే అనేవారు. 1851లో తండ్రి చనిపోయాక షాఫ్ట్స్‌బరీ ప్రభువయ్యాడు. ఆయన చేసిన మేలూ తెలుసుకోవాలి, ఆ మేలు ఎక్కడ ఆగిపోయిందో కూడా తెలుసుకోవాలి. రెండో సంగతి మనకు ఇంకా ముఖ్యం.

ఆయన 1801లో పుట్టాడు. హారో, ఆక్స్‌ఫర్డ్‌లలో చదువుకున్నాడు. 1826లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఆ రోజుల్లో లాంకషైర్, యార్క్‌షైర్ నూలు మిల్లుల్లో చిన్న పిల్లలు నడిచే యంత్రాల కిందికి దూరి దూది ఊడ్చేవారు, తెగిన దారాలు అతికేవారు. రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటల పని. దీన్ని ఆపాలని ముందుగా కదిలింది ప్రభువులు కాదు. పని గంటలు తగ్గించాలని మిల్లు ఊళ్లలో కార్మికులే కమిటీలు పెట్టుకున్నారు. రిచర్డ్ ఓస్ట్లర్ 1830లో పత్రికకు ఉత్తరం రాసి యార్క్‌షైర్ మిల్లుల్లో నడుస్తున్నది బానిసత్వమేనన్నాడు. పార్లమెంటులో వాళ్ల తరఫున నిలబడిన మైకేల్ శాడ్లర్ 1832 ఎన్నికల్లో ఓడిపోయాడు. అప్పుడు కమిటీల వాళ్లు వెళ్లి ఆష్లేను అడిగితే ఆయన ఒప్పుకున్నాడు.

1833లో చట్టం వచ్చింది. పట్టు మిల్లులు మినహా బట్టల మిల్లుల్లో తొమ్మిదేళ్ల లోపు పిల్లలను పెట్టకూడదన్నది. పదమూడేళ్ల లోపు వారికి రోజుకు తొమ్మిది గంటలు, పద్దెనిమిదేళ్ల లోపు వారికి పన్నెండు గంటలు హద్దు పెట్టింది. దేశమంతటికీ నలుగురు ఇన్‌స్పెక్టర్లను వేసింది. ఆష్లే అడిగిన పది గంటలు మాత్రం దొరకలేదు. 1842లో ఆయన పూనికతోనే ఆడవాళ్లనూ పదేళ్ల లోపు మగపిల్లలనూ బొగ్గు గనుల్లోకి దింపడం ఆగిపోయింది. 1844లో మిల్లు యంత్రాలకు కంచె వేయాలన్న నిబంధన వచ్చింది, ఆడవారి పనికి పన్నెండు గంటల హద్దు పడింది.

యజమానులు ఊరికే ఉన్నారా? నాసా సీనియర్ అనే ఆర్థికశాస్త్రి 1837లో మిల్లుకు లాభమంతా చివరి గంటలోనే వస్తుందని లెక్క కట్టి చూపాడు. ఆ గంట తీసేస్తే మిల్లులు మూతపడతాయన్నాడు. ఈ మాట మనకు కొత్తగా ఉందా? గేటు దగ్గర, మేనేజరు గదిలో మనం వినే మాటే ఇది. 1847లో పది గంటల చట్టం వచ్చింది, 1848 మే నుంచి పూర్తిగా అమలైంది. లాంకషైర్ మిల్లులు మూతపడలేదు. ఆడవారూ పిల్లలూ పది గంటలకు ఆగితే మగవారితోనే మిల్లు నడవదు కనుక చట్టంలో పేరు లేని మగవారికీ దాని ఫలం అందింది.

మిల్లు యజమానుల కుటుంబానికి చెందిన జాన్ బ్రైట్ పార్లమెంటులో ఆష్లేను ఎదిరించాడు. మా మిల్లుల సంగతి సరే, మీ డార్సెట్‌లో పొలం కూలీల బతుకు ఎలా ఉందని అడిగాడు. ఆ ప్రశ్నలో కుట్ర ఉంది, నిజమూ ఉంది. కూలీల దుస్థితిని ఎత్తి చూపినందుకు ఆష్లే కన్నతండ్రికే కానివాడయ్యాడు. అయినా ఆయన ప్రభువుల వర్గం మనిషే. కార్మికుడి మీద జాలి ఉంది కానీ కార్మికుడికి ఓటు ఇవ్వడం ఇష్టం లేదు. చార్టిస్టులంటే గిట్టదు, 1867లో ఓటు హక్కు పెంచడాన్ని కూడా వ్యతిరేకించాడు.

ఆ లోటు ఎక్కడ బయటపడిందో చూడండి. 1847లో చట్టం నెగ్గేనాటికి ఆష్లే సభలో లేడు. ధాన్యం సుంకాల తగువులో 1846లో రాజీనామా చేశాడు. బిల్లును నెగ్గించింది జాన్ ఫీల్డెన్, ఆయనా ఒక మిల్లు యజమానే. తర్వాత యజమానులు జనాన్ని విడతలు విడతలుగా మార్చి పని చేయించి చట్టానికి కన్నం వేశారు, 1850లో కోర్టు అది చెల్లుతుందన్నది. అదే ఏడు ప్రభుత్వం రాజీ బేరం పెట్టింది. పని ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకానే, శనివారం రెండింటికి సెలవు, కానీ రోజుకు పది కాదు, పదిన్నర గంటలు. మళ్లీ సభకు వచ్చిన ఆష్లే కార్మికులతో తేల్చుకోకుండానే సరేనన్నాడు. కమిటీలు మండిపడ్డాయి. అరగంటే కదా అనుకోకండి, వారానికి 58 గంటలది 60 అయింది. ఆ అరగంట తిరిగి రావడానికి 1874 దాకా పట్టింది.

ఈ ప్రభువుకు మన దేశంతోనూ ముడి ఉంది. 1875లో ఆయన ప్రభువుల సభలో మన దేశపు మిల్లుల్లో పిల్లల పని గురించి మాట్లాడాడు. ఆయన జాలి నిజమే కావచ్చు, వెనకనున్న మాంచెస్టర్ యజమానులకు మాత్రం బొంబాయి మిల్లుల పోటీ తగ్గాలన్నదే కోరిక. 1881లో వచ్చిన మన మొదటి ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్ల లోపు పిల్లలనే ఆపింది, పెద్దవాళ్ల పని గంటల ఊసే లేదు. బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికులను కూడగట్టాడు, 1890లో ఆదివారం సెలవు సాధించారు. బొంబాయి, సోలాపూర్ మిల్లుల్లో మగ్గాల ముందు నిలబడ్డ మన పద్మశాలీల తాతముత్తాతలకు ఆ ఆదివారం అలా దక్కింది. 1918లో మద్రాసులో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కార్మికులు యూనియన్ పెట్టుకున్నారు. వారానికి 48 గంటల హద్దు చట్టంలో 1946లో గానీ పడలేదు.

ఇప్పుడెందుకు ఇదంతా? 2023లో కర్ణాటకలో రోజుకు పన్నెండు గంటల దాకా పని చేయించుకునే వీలు కల్పిస్తూ చట్టం సవరించారు. అదే ఏడు ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ కూడా అలాంటి బిల్లే ఆమోదించింది. సంఘాలన్నీ జెండా రంగులు మరచి ఒక్కటిగా లేచాయి. మే 1న ముఖ్యమంత్రి దాన్ని వెనక్కి తీసుకుంటున్నామన్నారు. కార్మికులు కదిలితే ఏమవుతుందో చూశాం. వారానికి 48 దాటదుగా అని చెబుతారు. పన్నెండో గంటలో రింగ్ ఫ్రేము ముందు నిలబడ్డవాడి కాళ్లను అడగాలి ఆ లెక్క సరైనదో కాదో.

పెద్దమనుషుల సాయం వద్దని మేము అనడం లేదు. వకీలు, శాసనసభ్యుడు, మంచి మనసున్న అధికారి, ఎవరు వచ్చినా చేయి అందుకుందాం. కానీ మన తరఫున బేరం ముగించే హక్కు ఎవరికీ రాసి ఇవ్వకూడదు. ఈ మాట మీ కార్యవర్గానికీ వర్తిస్తుంది. పని గంటల మీద ఏ ఒప్పందమైనా గేటు మీటింగులో మీకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించి, మీరు చేతులెత్తాకే సంతకం కావాలి. ఓవర్‌టైముకు సమ్మతి అంటూ ఖాళీ కాగితం మీద వేలిముద్ర అడిగితే వేయకండి. ఏ షిఫ్టులో ఎన్ని గంటలు నిలబడ్డారో మీ నోటుబుక్కులో మీరే రాసుకోండి.

షాఫ్ట్స్‌బరీ 1885లో కన్నుమూశాడు. లండన్ పికడిలీ కూడలిలో ఆయన జ్ఞాపకంగా 1893లో కట్టిన ఫౌంటెన్ ఉంది. ఆ గౌరవం ఆయనకు తగినదే. 1830లలో కమిటీల్లో కూర్చున్న నూలు వడికేవాళ్లలో చాలామంది పేర్లు కూడా మనకు తెలియవు. మనం ఆ వరుసలోని వాళ్లం. పన్నెండు గంటల పని మీద ఈ నెల జరిగే సర్వసభ్య సమావేశానికి ప్రతి డిపార్ట్‌మెంటు నుంచీ అందరూ రండి.