170వ నిబంధన తీసేసినవారికి

కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ వారికి,



ఆయుష్ మందుల ప్రకటనలకు ముందే రాష్ట్ర అధికారి అనుమతి తీసుకోవాలన్న 170వ నిబంధన కింద చర్యలొద్దని 2023 ఆగస్టులో రాష్ట్రాలకు రాశారు. 2024 జూలై 1న నిబంధననే తీసేశారు. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2025 ఆగస్టులో కేసు ముగిసి ఆ స్టే కూడా పోయింది. ఎవరి మేలు కోరి ఇంత పట్టుదల?

మందుల అభ్యంతరకర ప్రకటనల మీద 1954 నాటి చట్టం ఉంది కదా అంటారు. ఉంది. 1945 నాటి డ్రగ్స్ నిబంధనల షెడ్యూల్ జె కూడా ఉంది; అందులో, నయం చేస్తామని చెప్పకూడని జబ్బుల్లో, మొదటి పేరే ఎయిడ్స్. కానీ అవి కదిలేది ప్రకటన బయటికొచ్చాకే. హెచ్ఐవీ ఉన్న మనిషి మోసపోయానని ఫిర్యాదు చేయాలంటే ముందు తన జబ్బు బయటపెట్టుకోవాలి. అద్దె ఇల్లు, మిల్లులో పని, కూతురి సంబంధం ఇవన్నీ పణంగా పెట్టి ఎవరొస్తారు? 170 ఉన్నప్పుడు ఏ రోగీ నోరు విప్పాల్సిన పని లేదు.

మూలికలంటే మాకు చిన్నచూపు లేదు. పడమటి కనుమల కింద కాపురం మాది, జ్వరమొస్తే నేలవేము కషాయమే. అందులోని చేదు పదార్థం ఆండ్రోగ్రాఫోలైడ్‌ను అమెరికాలో హెచ్ఐవీ ఉన్న 13 మందికి ఇచ్చి చూసి 2000లో ఫలితాలు ప్రచురించారు. రోగనిరోధక శక్తినిచ్చే సీడీ4 కణాలు పెరిగాయి. వైరస్ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఒకరికి ప్రాణం మీదికొచ్చే అలర్జీ వచ్చింది, ఇంకొందరికి వేరే బాధలు. ఆరు వారాలకే ఆపేశారు. ‘రోగనిరోధక శక్తి పెంచును’ అని సీసా మీద వేసేవాడు కణాల ముక్క చెప్పి మిగతాది మింగేస్తాడు. ఆ మిగతాది చెప్పించే బాధ్యత ఎవరిది?

చెన్నై దగ్గరి తాంబరం ప్రభుత్వ ఆస్పత్రిలో 1990లలో హెచ్ఐవీ రోగులకు సిద్ధ మందులు ఇచ్చిన రోజుల్లో పేదవాడికి వేరే దారి లేదు. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వమే హెచ్ఐవీని అణచే ఏఆర్‌టీ మాత్రలు ఉచితంగా ఇస్తోంది. తప్పకుండా వేసుకుంటే వైరస్ పరీక్షకు కూడా అందనంతగా తగ్గుతుంది. అవి మానేసి లేహ్యం పట్టుకుంటే మళ్లీ విజృంభిస్తుంది. తాంబరంలో నాడు కనిపించిన ఫలితాలన్నీ, మంచీ చెడూ, జనం ముందు ఎందుకు పెట్టరు? మూలికల మీద నమ్మకం మీకు నిజంగా ఉంటే పరీక్షంటే ఎందుకంత జంకు?

ఏదో ఒక దారి చూడండి, అది మీ పని. ఫిర్యాదు వస్తే పరిశీలిస్తామని మాత్రం జవాబు రాయకండి.

ఇట్లు,
ఒక రాజపాళయం వాసి