పుండు పడని పొయ్యి

కంప్యూటరు ఆటలాడే యువతీయువకులు మీ ఇంట ఉంటే 'ది సిమ్స్' అనే పేరు మీరు వినే ఉంటారు. 2000లో విడుదలైన ఈ ఆటలో గెలుపోటములు లేవు. బొమ్మ మనుషులకు ఇల్లు కట్టించడం, సామాను కొని అమర్చడం, వారిచేత వండించి తినిపించి ఉద్యోగానికి పంపడం, ఇదే ఆట. ఆ సామానులో ఒకటి వంటపొయ్యి. దాని గురించే ఈ నాలుగు మాటలు.

ఆటను రూపొందించిన విల్ రైట్ గారి ఇల్లు 1991లో అమెరికాలోని ఓక్లాండ్ కొండలలో చెలరేగిన కార్చిచ్చుకు ఆహుతైంది. ఒక్కొక్క వస్తువే మళ్లీ సమకూర్చుకొన్న అనుభవం నుండి ఈ ఆట ఆలోచన పుట్టింది. నిప్పు పెట్టే కష్టం ఎరిగినవారు గనుకనే కాబోలు, పొయ్యిని ఉత్త అలంకారంగా వదలలేదు. వంట రాని బొమ్మచేత వండిస్తే మంటలు లేవవచ్చు. పుస్తకం చదివించి వంట నేర్పితే ఆ ముప్పు తగ్గుతుంది. పొగను పసిగట్టే అలారం అమర్చుకొంటే అగ్నిమాపక సిబ్బందికి కబురు దానంతటదే అందుతుంది. తొలి ఆటలో మంట లేవగానే ఇంటిల్లిపాదీ చేతిలోని పని వదిలి, దాని చుట్టూ చేరి కేకలు వేస్తారు. చూసి నవ్వుకొంటాము గానీ, మన ఇళ్లలో జరిగేదీ అదే కదా!

ఇంతవరకు మెచ్చుకోదగినదే. నా అభ్యంతరమల్లా ఆ తరువాతి ఘట్టం గురించి. మంటల్లో చిక్కిన బొమ్మ చనిపోతుంది, లేదా తప్పించుకొంటుంది. తప్పించుకొన్న బొమ్మకు మహా అయితే ఒళ్లు మసిబారుతుంది, స్నానంతో ఆ మసి పోతుంది. ఈ రెంటికీ నడుమ ఆటలో ఏమీ లేదు. వైద్యునిగా నేను చూసినదంతా ఆ నడుమ ఉన్నదే. కట్టు మార్చిన ప్రతిసారీ రోగి పెట్టే కేక, తొడ చర్మం తీసి చేతికి అతికించడం, గాయం మానిన పిదప కూడా మెడ చర్మం బిగుసుకొని గడ్డం ఛాతీకి అంటుకుపోవడం, వేళ్లు ముడుచుకొని అన్నం కలుపుకోలేకపోవడం. మన దేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఓ మోస్తరు లేదా తీవ్రమైన కాలిన గాయాల పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఆటను మాన్పించమని నేననను. ఆ పొయ్యి నేర్పనిది మీరు నేర్పండి. ఒళ్లు కాలిన వెంటనే ఆ భాగాన్ని కుళాయి ధార కింద ఇరవై నిమిషాలపాటు ఉంచాలి. మంచుగడ్డ వద్దు. టూత్‌పేస్టు, సిరా, పసుపు, ఇడ్లీపిండి అసలే వద్దు. ఇవి వేడిని లోపలే బంధిస్తాయి, పుండులో చీము పట్టడానికి దారి తీస్తాయి, గాయం ఎంత లోతో మాకు కనబడనివ్వవు. వీటిని కడగడానికే మేము రోగిని మరింత బాధపెట్టవలసి వస్తుంది. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసివేయాలి.

నూనె మూకుడు అంటుకొంటే నీళ్లు చల్లరాదు. నీరు క్షణంలో ఆవిరై మండే నూనెను పైకి ఎగజిమ్ముతుంది. పొయ్యి కట్టేసి, మూత బోర్లించి, పూర్తిగా చల్లారేదాకా మూకుడును కదపకూడదు. చీరకు నిప్పంటుకొంటే పరుగెత్తరాదు, నేలపై పడి దొర్లాలి. గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటరు ఆపి తలుపులు తెరవాలి, లైటు స్విచ్చి వేయనూ వద్దు, ఆర్పనూ వద్దు. అప్పుడు బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలి.

ఈసారి మీ అమ్మాయో అబ్బాయో ఆ ఆట ముందు కూర్చొన్నప్పుడు, మన సిలిండరు రెగ్యులేటరు ఎటు తిప్పితే ఆగుతుందో అడిగి చూడండి. తెలియదంటే వంటింట్లోకి పిలిచి, వారి చేతనే తిప్పించండి. ఎన్నడూ వంటింట్లో అడుగుపెట్టని మగవారు ఇంట ఉంటే వారినీ పిలవండి.