మెరిసే తొట్టిలో ఆకలి

అక్వేరియంలో చెర్రీ రొయ్య చస్తే నేరం వెంటనే పక్కనున్న చేపల మీదకు పోతుంది. పిల్ల రొయ్యల విషయంలో అది నిజమే, నోట్లో పట్టేదాన్ని చాలా చేపలు వదలవు. 2, 3 సెంటీమీటర్లకు ఎదిగినవి కూడా పోతున్నాయంటే మాత్రం నా అనుమానం మన శుభ్రత మీదే. రొయ్య రోజంతా బుల్లి చేతులతో ఆకుల్నీ రాళ్లనీ గీరుతూ తినేది, మనం జిడ్డని తుడిచేసే పలచటి సూక్ష్మజీవుల పొరనే. అద్దంలా తోమిన తొట్టి దానికి ఖాళీ కంచం. పైగా ఒక్కసారే సగం నీళ్లు మారిస్తే వేడి, కాఠిన్యం హఠాత్తుగా మారి, రొయ్య వేళ కాని వేళ గుల్ల విడవబోతుంది. మెడ వెనక తెల్లటి గీత పడి, పాత గుల్లలోంచి బయటపడలేక చచ్చిపోవచ్చు. మరి చేపల మురికి మాటేమిటంటారా? దాన్నుంచి వచ్చే అమ్మోనియా చేపకూ రొయ్యకూ విషమే, కాదనను. అందుకే వారానికి 10 శాతం నీళ్లు, అదీ క్లోరిన్ పోగొట్టి, మెల్లగా మార్చాలి. అడుగు మురికి లాగినా నాచు జోలికి పోకూడదు. రాగి కలిసిన చేపల మందు ఆ తొట్టిలో పడనే కూడదు. విడిచిన గుల్లను చచ్చిన రొయ్యనుకొని తీసి పారేస్తుంటారు, అదొకటి. ఉంచితే రొయ్యల్లో ఏదో ఒకటి దాన్ని కొరికి తిని, కాస్త కాల్షియం వెనక్కి రాబట్టుకుంటుంది.