బొమ్మల సినిమా తెచ్చే జడుపు

"బొమ్మల సినిమాకు కూడా భయపడతారా?" ఏడుస్తున్న పిల్లవాడిని చూసి పెద్దలు నవ్వుతూ వేసే ఈ ప్రశ్న వినిపించని ఇల్లు అరుదు. ఆ వెంటనే మరొక మాట వస్తుంది: "చూడనివ్వండి, చూస్తూ ఉంటే ధైర్యం దానంతటదే వస్తుంది." ఈ రెండు మాటలూ తప్పే. మొదటిది పిల్లవాడి బాధను అవమానిస్తుంది. రెండవది ఆ బాధను పెంచుతుంది. వీటిని ఖండించడం వైద్యునిగా నా బాధ్యత.

అసలు 'బొమ్మ' అన్న పదమే మనల్ని మోసగిస్తున్నది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని నిర్మల్‌లో పొనికి కర్రతో చేసే బొమ్మ పిల్లల చేతికి లోబడి ఉంటుంది. నచ్చకపోతే పక్కన పెట్టేస్తారు, భయమేస్తే గోడవైపు తిప్పేస్తారు. తెర మీది బొమ్మ అలా కాదు. దాని వేగం, దాని చప్పుడు, అది ముంచుకొచ్చే క్షణం ఏదీ పిల్లవాడి అదుపులో ఉండదు. చీకటి హాలులో అతడే దాని అదుపులో ఉంటాడు.

ఆ బొమ్మలు చెప్పే కథలు కూడా మనం అనుకున్నంత సుకుమారమైనవి కావు. 1940 నాటి 'పినోకియో'లో అల్లరి పిల్లవాడు గాడిదగా మారిపోతూ అమ్మను పిలుస్తాడు. 1942 నాటి 'బాంబి'లో జింకపిల్ల తల్లి వేటగాడి తుపాకికి బలవుతుంది. 1994 నాటి 'ది లయన్ కింగ్'లో సింహపుపిల్ల చనిపోయిన తండ్రి పక్కన ముడుచుకొని పడుకుంటుంది. 2019లో ఆ కథే, బొమ్మ అని గుర్తుపట్టలేనంత సహజమైన రూపంలో, సింబాకు నాని గొంతుతో తెలుగులోకి వచ్చింది. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక పరిశీలనను ప్రచురించింది. పరిశోధకులు 45 పిల్లల యానిమేషన్ చిత్రాలను పెద్దల కోసం తీసిన 90 చిత్రాలతో పోల్చారు. ముఖ్యపాత్ర చనిపోయే ముప్పు బొమ్మల చిత్రాల్లోనే దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. కథానాయకుడి తల్లిదండ్రుల విషయంలో అది ఐదు రెట్లు దాటింది.

"మేమూ ఇవన్నీ చూశాం, మాకేమైంది?" అని కొందరు వాదిస్తారు. అమెరికాలో హారిసన్, కాంటర్ అనే పరిశోధకులు విశ్వవిద్యాలయ విద్యార్థులను ఇదే అడిగి 1999లో ఫలితాలు వెల్లడించారు. చిన్నతనంలోనో కౌమారంలోనో సినిమా లేదా టీవీ చూసి తీవ్రంగా భయపడ్డామని 90 శాతం మంది చెప్పారు. ఆ భయం తాలూకు ఆందోళన ఇప్పటికీ మిగిలి ఉందని సుమారు 26 శాతం మంది చెప్పారు. ఏమీ కానివాళ్లు ఉన్నారన్నది నిజమే. అంతమాత్రాన అయినవాళ్లు లేరని అనలేము.

ఏడేళ్లలోపు పిల్లలకు కల్పనకూ వాస్తవానికీ మధ్య గీత ఇంకా స్థిరపడదు. వాళ్లు కథను బట్టి కాక రూపాన్ని బట్టి భయపడతారు. కోరలు, ఎర్రని కళ్లు, ఉన్నట్టుండి మారిపోయే ముఖం వాళ్లను హడలగొడతాయి. "అది నిజం కాదు నాన్నా" అన్న వివరణ వారికి అందదు. ఎదిగిన పిల్లల భయం వేరు. తల్లి చనిపోవడం, ఇల్లు తప్పిపోవడం వంటి జరగగల సంగతులు వారిని కలవరపెడతాయి.

వింత ఏమిటంటే, ఈ సత్యం మన పల్లెల్లోని పెద్దలకు ఏనాడో తెలుసు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పిల్లవాడు రాత్రిళ్లు ఉలిక్కిపడితే 'జడుసుకున్నడు' అంటారు. విభూతి పెడతారు, అంత్రం కట్టిస్తారు, కొండగట్టు అంజన్న దగ్గరికి తీసుకుపోతారు. తాయెత్తులో ఔషధగుణం ఉందని నేను అనను. కానీ ఆ పెద్దలు జడుపును నిజమని ఒప్పుకొన్నారు, పిల్లవాడిని ఒడిలోకి తీసుకున్నారు. చింతచెట్టు కింద కలిగిన జడుపుకు అంత్రం కట్టించే మనమే, సెల్‌ఫోన్‌లో కలిగిన జడుపును చూసి నవ్వడం ఏమి న్యాయం?

"మన పురాణాల్లో రాక్షసులు లేరా?" అన్నది మరొక వాదన. ఉన్నారు. గోదావరి ఒడ్డున ధర్మపురిలో యముడికే గుడి ఉంది. నరసింహ శతకం రాసిన శేషప్ప కవి ఆ ఊరివాడే. అయితే హిరణ్యకశిపుని వధను నానమ్మ చెప్పినప్పుడు, వినే పిల్లవాడి ముఖం చూస్తూ చెప్పేది. కళ్లు పెద్దవైతే గొంతు తగ్గించేది, ప్రహ్లాదుడు స్వామిని శాంతింపజేసేదాకా కథ ఆపేది కాదు. పేగులు ఎంత ఎర్రగా ఉండాలో పిల్లవాడి ఊహే నిర్ణయించుకొనేది. 2025లో 'మహావతార్ నరసింహ' యానిమేషన్ చిత్రం తెలుగులోనూ వచ్చినప్పుడు ఎందరో తల్లిదండ్రులు చిన్నపిల్లలను వెంటబెట్టుకొని వెళ్లారు. కథ అదే. కానీ తెరకు పిల్లవాడి ముఖం కనిపించదు.

నిషేధించమని నేను కోరడం లేదు. భయమే ఎరుగని బాల్యం ఉండదు, ఉండనక్కరలేదు. నేను అడిగేది వయసును, తోడును పట్టించుకొమ్మని. 2023 చట్ట సవరణ తరువాత యూఏ ధ్రువపత్రం 7, 13, 16 ఏళ్ల వారీగా విడిపోయింది. అయితే ఇది తల్లిదండ్రులకు సూచన మాత్రమే. హాలు గుమ్మం దగ్గర మీ పిల్లవాడిని ఆపవలసింది మీరే. రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ల వారికి పెద్దల పర్యవేక్షణలో రోజుకు గంట మించరాదనీ భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2021లోనే సూచించింది. అన్నం తినిపించడానికి ఫోన్ చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోవడం పర్యవేక్షణ కాదు.

పిల్లలకు చూపే సినిమాను ముందు మీరు చూడండి. భయపడిన పిల్లవాడిని చివరిదాకా కూర్చోబెట్టకండి; లేచి బయటికి తీసుకురండి, టికెట్ డబ్బులు పోతే పోనివ్వండి. చిన్నవాడైతే దగ్గరకు తీసుకోండి, దీపం ఉంచండి, పక్కన పడుకోండి. పెద్దవాడైతే ఏమి చూశాడో చెప్పనివ్వండి, ఆ బొమ్మను గీయమనండి, సినిమా ఎలా తీస్తారో వివరించండి. కొన్ని వారాలు గడిచినా పీడకలలు, పక్క తడపడం, బడికి వెళ్లనని మొండికేయడం తగ్గకపోతే వైద్యుని వద్దకు తీసుకెళ్లండి.

అన్నిటికన్నా ముందు, నవ్వడం మానండి. వెక్కిరింతకు గురైన పిల్లవాడు భయపడటం మానడు, చెప్పడం మానేస్తాడు. రేపు ఇంతకన్నా పెద్ద కష్టం వచ్చినా మీకు చెప్పడు.