గృహిణీ గోష్ఠి: తిరునాళ్ల నమ్ము తిరునాళ్లు

ఫాల్గుణమాసము వచ్చినంతనే మా కైకలూరి యిండ్లలో కొల్లేటికోట మాటయే మాట. పెద్దింట్లమ్మవారి జాతరకు చుట్టములు దిగుదురు. ఎవ్వరికి ఎచ్చట పక్క వేయవలెనో, ఎన్ని శేర్ల బియ్యము పొయ్యికెక్కింపవలెనో యింటి యిల్లాలే లెక్క చూచుకొనవలెను. అట్టి సందడిలో మా వీధి సోదరి యొకతె మమ్మొక ప్రశ్న యడిగినది. ఆమె కుమార్తె హైదరాబాదులో సభలు, ఉత్సవములు జరిపించు నొక సంస్థలో ఉద్యోగము చేయుచున్నది. ఆ పిల్లను సంస్థవారు జర్మనీదేశమున ఫ్రాంక్‌ఫర్టు నగరములో జరుగు నొక సంతకు పంపుచున్నారట.

"అచట నేమి యమ్ముదురే యని యడిగితిని, వదినగారూ! సభలు, సంబరములు అమ్ముదురట. తిరునాళ్ల నమ్ము తిరునాళ్లు గూడ నుండునా?" అని యామె నవ్వినది.

ఉండును. ఆ సంతపేరు ఐమెక్స్. రే బ్లూమ్ అను నాంగ్లేయుడు 2003లో దానిని ఆరంభించెను. అంతకు పూర్వమే, 1988లో, ఆయన జెనీవాలో నిట్టిదే యొకటి నెలకొల్పియుండెను. కరోనా వ్యాధి కారణమున 2020, 2021 సంవత్సరములు తప్ప ఫ్రాంక్‌ఫర్టు సంత యేటేట జరుగుచునే యున్నది. ఆ నగరమునకు సంతలు క్రొత్త గావు. 1240లోనే రెండవ ఫ్రెడరికు చక్రవర్తి, అచటి సంతకు వచ్చిపోవు వర్తకులకు దారిలో తన రక్షణ నొసగుచు శాసనము వ్రాయించెను.

ఈ సంతలో బుట్టలు, గంపలు, గాజులు కనబడవు. ఒక నగరమువారు తమ సభాభవనమును గూర్చి చెప్పుదురు. హోటలువారు తమ గదులను గూర్చి, మరియొకరు దీపములను, ధ్వనియంత్రములను గూర్చి చెప్పుదురు. కొనువారు వైద్యుల మహాసభలను, కంపెనీల వార్షిక సమావేశములను జరిపించువారు. సమావేశములు, ఉద్యోగులకు బహుమానముగా నిచ్చు యాత్రలు, మహాసభలు, ప్రదర్శనలు అను నాల్గింటి తొలి యక్షరములను గూర్చి ఆంగ్లమున ఈ వ్యాపారమును 'మైస్' అందురు. ఆ భాషలో నా మాటకు ఎలుకలనియు నర్థము. పెండ్లి సరకులు పోసిన కొట్టుగదికి కాపలా కాచిన యిల్లాండ్రకు ఈ పేరు విన్న నవ్వు రాకమానదు.

అచటి పద్ధతులలో నొకటి మమ్ము మిక్కిలి యాలోచింపజేసినది. పెద్ద బేరములు తేగల కొనుగోలుదారులకు సంతవారే ప్రయాణపు ఖర్చు, బస యేర్పాటు చేయుదురు. ప్రతిగా వారు ముందుగా నిర్ణయించుకొనిన వేళలకు ఇన్ని బల్లలయొద్ద కూర్చుండి మాటలాడి తీరవలెను. ఆతిథ్యము గూడ నొక యొప్పందమే యన్నమాట! అందులో రహస్య మేమియు లేదు; ఎవరు పెట్టుచున్నారో, ఎందులకు పెట్టుచున్నారో యందరికిని తెలియును. మన పెండ్లిండ్లలో నట్లు గాదు. కొన్ని మండపములలో వంటవారిని, పూలవారిని మండపమువారే కుదుర్తురు. నడుమ నెవ్వరికెంత చేరునో బిల్లులో కనబడదు. కాని యా సొమ్ము మన చేతిదే.

ఇట్టి వ్యాపారము మన యెరుకలో లేనిది గాదు. హైదరాబాదులోని అంతర్జాతీయ సభాభవనము 2006లో తెరువబడినది. 2012 అక్టోబరులో జీవవైవిధ్యమును గూర్చిన ప్రపంచ మహాసభ అచ్చటనే జరిగినది. 2017 నవంబరులో స్త్రీలకు ముందుచోటు అను నినాదముతో ప్రపంచ వ్యాపారవేత్తల సభయు నచ్చటనే జరిగినది. వేలకొలది జనము కూడు నట్టి సభకు అన్నము, నీరు, మంచము, వాహనము అమర్చుట యొక విద్య. దానికి జీతములు గలవు, బిరుదులు గలవు, ఇప్పుడు కళాశాలలలో పాఠములును గలవు.

ఇది వినినప్పుడు మాకు మా వీధి చివరింటి పిన్నిగారు జ్ఞాపకము వచ్చిరి. వితంతువు, చిన్న పెంకుటిల్లు, చదువు అంతంతమాత్రము. నలుబది యేండ్లుగా ఈ చుట్టుపట్ల పెండ్లియైనను, ఒడుగైనను ఆమెను పిలువనిదే గాడిపొయ్యి త్రవ్వరు. "పగటి ముహూర్తమా, రాత్రిదా?" అని మొదట నడుగుదురు. రాత్రిదైన పిల్లలు నిద్రపోవుదురు, విస్తళ్లు తగ్గును. లంకగ్రామముల చుట్టము లెందరో యడుగుదురు. దూరమువారు మొదటి పంక్తికే కూర్చుండి వెడలిపోవుదురు, కావున తొలిపంక్తికే పప్పు, కూరలు సిద్ధముగా నుండవలెను. వియ్యాలవారి విడిదికి కాఫీ ఆలస్యమైనచో నెంత పుట్టి మునుగునో ఆమెకు తెలిసినట్లు మరెవ్వరికి తెలియదు. ఒక యింట మజ్జిగ చాలదని తెలియగానే రెండు వీధుల పాడిగేదెల లెక్క వేళ్లపై జెప్పి, ముహూర్తము మించకుండ తెప్పించిన సంగతి మే మెరుగుదుము.

కొన్నియేండ్ల క్రింద నొక భోజనపు కాంట్రాక్టరు పట్టణమునుండి వచ్చి, ఆమె యెదుట కూర్చుండి, ఏ వేళకు ఎందరికి ఏది యెంత పట్టునో యంతయు పుస్తకమున వ్రాసికొనిపోయెను. ఇప్పుడాతడు విస్తరికింత యని పుచ్చుకొనును. పిన్నిగారికి దక్కినది తాంబూలము, రవికెలగుడ్డ. ఆ గుడ్డ నిచ్చినవారిలో మేమును ఉంటిమి. మా యింటి పెండ్లికి ఆమె మూడు దినములు నిలువు కాళ్లపై నుండిరి. మేళమువారికి, పందిరివారికి, ఫొటోలవారికి బయానాలు లెక్కగట్టి యిచ్చితిమి. ఆమెకు మాత్రము, ఇంటిమనిషి కదా యని, పసుపు రంగు జాకెట్టు గుడ్డ పెట్టితిమి. అది ఆమె కట్టు రంగు కాదని యప్పుడు మాకు తోచనైన లేదు.

ఫ్రాంక్‌ఫర్టునుండి తిరిగివచ్చిన యా పిల్ల సెలవులకు కైకలూరు వచ్చినప్పుడు పిన్నిగారి యరుగుపై రెండు సాయంకాలములు కూర్చుండినది. అచటి బల్లలమీది కాగితములు ఆమెకు చూపి, ఒప్పందములో నేమేమి వ్రాయుదురో చెప్పినది. ఎందరికి తక్కువగాకుండ వెల కట్టుదురు? జనము తగ్గినచో తగ్గింపు కలదా? తేది మారినచో బయానా యేమగును? మిగిలిన యన్న మెవరిది? పిన్నిగారు శ్రద్ధగా విని, "మిగిలినది చల్లారకముందే ఎవరికి చేర్చవలెనో గూడ ముందే వ్రాయించవే, అమ్మాయీ! పాచిపోయిన తరువాత పంచుట పుణ్యము గాదు" అనిరి. ఆ ప్రశ్న మా కాగితములలో లేదే యని ఆ పిల్ల కలము తీసి వ్రాసికొనబోయినది. మరల నాపి, కలమును పిన్నిగారి చేతికే యిచ్చినది.

ఇంటికి పెండ్లి వచ్చిన సోదరీమణులు పై నాలుగు ప్రశ్నలను, పిన్నిగారి యైదవదానిని గూడ కాంట్రాక్టరుచే కాగితముపై వ్రాయించి సంతకము తీసికొనుట మంచిది. నోటిమాట ముహూర్తమునాటి మేళములో వినబడదు. ఆహారభద్రతా చట్టము ననుసరించి పొందిన యనుమతిపత్రమును జూపుమని యడుగుటకును మొగమాటపడరాదు.

మొన్నటి పెండ్లిండ్ల రోజులలో మా వీధి యింటివా రొకరు పిన్నిగారిని పిలువవచ్చినప్పుడు మేము నచ్చటనే యుంటిమి. ఆమె లోపలికి బోయి చిన్న పుస్తకము తెచ్చి, ముహూర్తము, జనము, పంక్తులు వ్రాసికొనిరి. తరువాత, మూడు దినములకు తన కింత కావలెనని మెల్లగా ననిరి. వచ్చినవారు మా వంక జూచిరి. మేము తల వంచుకొంటిమి. కొంతసేపటికి వారు సంచిలోనుండి నోట్లు తీసి తమలపాకులమీద నుంచి యిచ్చిరి. పిన్నిగారు ఆకులు ప్రక్కన బెట్టి, నోట్లు ఒక్కొక్కటే లెక్కించుకొని, బయానా ముట్టినదని పుస్తకములో వ్రాసికొనిరి.