మూడో వరుసలో కూర్చుని అప్పుడు చెప్పండి

మూడు నెలల్నుంచీ మా ఇంట్లో బండి గొడవ నడుస్తోంది. మాది పాడేరు. నేనుండేది హైదరాబాదులో, అందరు సాఫ్ట్‌వేర్ పిల్లల్లాగే. నాన్న పాత కారు అమ్మేశారు. నాయనమ్మని నెలకోసారి విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పండక్కి అక్కా బావా, వాళ్ళ పాపా, నేనూ దిగితే ఇంట్లో లెక్క ఏడుగురం. కొండ మీద ఊరు, ఏడుగురు మనుషులు, వానాకాలం బురద. ఇంకేం, మూడు వరుసల ఎస్‌యూవీ, అదీ ఫోర్ వీల్ డ్రైవ్‌ది కొనెయ్యమని అందరూ తీర్పు చెప్పేశారు. ఆఫీసులో నా పక్క సీటతను చెప్పాడు, బావ చెప్పాడు, వీడియోల్లో బురదలోంచి బండిని ఎగరేసే మహానుభావులు కూడా చెప్పారు.

ఈ చెప్పినవాళ్ళందరిలో ఒక్కడైనా ఆ మూడో వరుసలో కూర్చుని పాడేరు ఘాటీ ఎక్కాడా అన్నదే నా ప్రశ్న. ఎక్కలేదు. అందరూ స్టీరింగు వెనకాల కూర్చున్నవాళ్ళే. మా వృత్తిలో దీన్ని రిక్వైర్‌మెంటు తప్పుగా రాసుకోవడం అంటారు. వాడేవాణ్ణి అడగకుండా, కట్టేవాడికి సరదాగా ఉన్నది కట్టి, ఆనక వాడేవాడికే తెలివి లేదనడం.

సరే, నేను అడిగి చూశాను. మొన్న దసరాకి ఒక స్నేహితుడి బండి అరువు తెచ్చాను. పేరు చెప్పను, తెలిసిన బండే. చోడవరం, మాడుగుల మీదుగా ఇంటికి. ఏడుగురం, సామాన్లతో సహా. మూడో వరుసలో బావ, పాప. నాయనమ్మ రెండో వరుసలో. ఆవిడ ఎక్కడానికే ఐదు నిమిషాలు పట్టింది. "ఏట్రా బాబూ, దీనికి నిచ్చెన ఇవ్వలేదేటి షాపువాడు?" అంది. నవ్వాం గానీ, మోకాళ్ళు అరిగిన మనిషికి ఆ ఎత్తు నిజంగానే గోడ. వంట్లమామిడి దాటాక మలుపులు మొదలయ్యాయి. గరికబంద వచ్చేసరికి పాప రెండుసార్లు వాంతి చేసుకుంది. మినుములూరు వచ్చేలోపు బావ కూడా మాటాడ్డం మానేశాడు. ఫోర్ వీల్ డ్రైవ్ కావాలని మూడు నెలలుగా ఉపన్యాసాలిచ్చిన బావ! ఇల్లు చేరాక ఆయనన్న మొదటి మాట, "బావా, తిరుగు ప్రయాణంలో నేను బస్సులో వస్తాను."

ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు, ఇంజనీరింగు చదివినవాడెవడికైనా తెలియాలి. మూడో వరుస సీటు వెనక ఇరుసు మీదో, దానికి ఇంకాస్త వెనకో ఉంటుంది. గుంటలో చక్రం ఎగిరిన ప్రతిసారీ దెబ్బ తిన్నగా అక్కడికే. పైగా సీటు నేలకి దగ్గర, మోకాళ్ళు గెడ్డానికి దగ్గర, కిటికీ చిన్నది, కళ్ళకి రోడ్డు కనపడదు. మలుపుల్లో వాంతులకి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఇంకోటి చెయ్యలేం.

అసలు గొడవ ఇంకా లోపల ఉంది. కుటుంబానికి పనికొచ్చే బండి, అడవికి పనికొచ్చే బండి - ఈ రెండూ ఒకటే అని మనకి అమ్ముతున్నారు. ఇవి ఒకదాన్నొకటి లాక్కునే గుణాలు. మూడు వరుసలు పట్టాలంటే బండి పొడవుండాలి. మిట్ట మీద పొట్ట తగలకుండా దాటాలంటే పొట్టిగా ఉండాలి. మూడు తలుపుల థార్ వీల్‌బేస్ 2450 మిల్లీమీటర్లు, నేలకీ దానికీ మధ్య 226 మిల్లీమీటర్లు. కొండ ఎక్కుతుంది, కానీ మా ఇంట్లో సగం మందిని గుమ్మంలోనే వదిలెయ్యాలి. 2022లో వచ్చిన స్కార్పియో-ఎన్ వీల్‌బేస్ 2750. ఫార్చ్యూనర్‌ది 2745. మరి పెళ్ళివారి బండి అని అందరూ తీసిపారేసే ఇన్నోవా క్రిస్టాది ఎంతో తెలుసా? అదీ 2750. దాని కింద కూడా లారీకున్నట్టు నిచ్చెన ఛాసీయే. ఒకదాన్ని చూస్తే సింహం అంటాం, ఇంకోదాన్ని చూస్తే టాక్సీ అంటాం.

"మరి గూర్ఖా సంగతేంటి?" అంటారు. ఒప్పుకుంటాను, అది నిజాయితీ ఉన్న బండి. 2024లో వచ్చిన ఐదు తలుపుల గూర్ఖాలో ముందూ వెనకా డిఫరెన్షియల్ లాకులున్నాయి, 233 మిల్లీమీటర్ల ఎత్తుంది, 700 మిల్లీమీటర్ల నీళ్ళలో దిగొచ్చంటారు. మత్స్యగెడ్డ పక్కన పొలాల్లో తిరిగేవాడికి బంగారం. కానీ దాని మూడో వరుసలోకి వెనక డిక్కీ తలుపు తీసి ఎక్కాలి. ఎనభై దగ్గరపడ్డ ముసలావిడని ఆసుపత్రికి అలా ఎక్కించి చూడండి. ఆవిడ తిట్టే తిట్లు ఏ స్పెక్ షీట్‌లోనూ ఉండవు.

స్పెక్ షీట్ అంటే గుర్తొచ్చింది. గ్రౌండ్ క్లియరెన్సు అంకె చూసి మురిసిపోయేవాళ్ళకి చిన్న మనవి. ఎస్‌యూవీ అంటే ఏమిటో మన జీఎస్టీ మండలి తేల్చి చెప్పింది: పొడవు 4 మీటర్లు దాటాలి, ఇంజను 1500 సీసీ దాటాలి, క్లియరెన్సు 170 మిల్లీమీటర్లో ఆపైనో ఉండాలి. ఆ 170 ఖాళీ బండికి కొలిచిందే లెక్క అని 2023 జులైలో వివరణ కూడా ఇచ్చారు. 2025 సెప్టెంబరు 22న పన్ను 40 శాతమైంది. అంతకుముందు సెస్సుతో కలిపి 50 శాతం కట్టించుకున్నది ఈ ఖాళీ బండి కొలత మీదే. ఖాళీ బండి! అందులో మనుషులెక్కాక ఏమవుతుందన్నది పన్నువాడికి అక్కర్లేదు, అది న్యాయమే. కొనుక్కునేవాడికి కూడా అక్కర్లేకపోతే ఎలా?

మా ఇంటి లెక్క చూడండి. ఆరుగురు పెద్దవాళ్ళు సగటున 65 కిలోలు, అంటే 390. పాప 25. బ్యాగులు, అమ్మ కట్టే పసుపు సంచీ, మిరియాల మూట, నాయనమ్మ మందుల పెట్టె కలిపి 60 అనుకుందాం. మొత్తం 475 కిలోలు. ఈ తరహా బండ్లు చాలావాటికి మొయ్యగలిగిన బరువు ఐదారొందల కిలోల చుట్టుపక్కలే. అంటే ఏడుగురం ఎక్కామంటే బండి నిండిపోయినట్టే. వెనక స్ప్రింగులు కూచుంటాయి, క్లియరెన్సు తగ్గుతుంది, వెనక బంపరు రాయికి దగ్గరవుతుంది. మూడో వరుస వాడితే ఆఫ్ రోడ్ పోయింది, ఆఫ్ రోడ్ వెళ్ళాలంటే మూడో వరుస ఖాళీ చెయ్యాలి. రెంటికీ డబ్బులు కడుతున్నాం, రెండూ ఒకేసారి దొరకవు. దాని మీద ఇంకా టాప్ క్యారియరు, ముందు ఇనప కమ్మీలు బిగించుకునేవాళ్ళకి దణ్ణం. ఆ కమ్మీలు వద్దని 2017లోనే కేంద్రం చెప్పింది.

ఇప్పుడు దిగడం సంగతి. బండి ఎక్కే వీడియోలే అందరూ పెడతారు. ఘాట్‌లో ప్రాణాలు పోయేది ఎక్కువగా అదుపు తప్పినప్పుడు, అదుపు కష్టమయ్యేది దిగేటప్పుడు. పాడేరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. నిండు బండి రెండున్నర టన్నులు అనుకుని మైదానం దాకా 800 మీటర్లు దింపితే, ఆ శక్తి దాదాపు ఐదున్నర యూనిట్ల కరెంటుకి సమానం. అందులో గాలికీ టైర్లకీ పోయింది పోగా మిగిలిందంతా ఇంజనైనా పట్టాలి, బ్రేకులైనా వేడెక్కాలి. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి బ్రేకులు ఎనిమిదుండవు, నాలుగే. రెండో గేరులో దిగడం తెలిసిన డ్రైవరు, మంచి టైర్లు, కొత్త బ్రేకు ఆయిలు - నాయనమ్మ ప్రాణం వీటి మీద ఆధారపడి ఉంది, డిక్కీ మీది ఫోర్-బై-ఫోర్ బిళ్ళ మీద కాదు. 2021 ఫిబ్రవరిలో అనంతగిరి దగ్గర డముకు మలుపులో పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు పోయారు. 2023 ఆగస్టులో మా పాడేరు ఘాట్‌లోనే ఆర్టీసీ బస్సు పడి ఇద్దరు పోయారు. రెండూ తారు రోడ్డు మీదే జరిగాయి.

భద్రత నక్షత్రాల గురించి కూడా ఒక మాట. స్కార్పియో-ఎన్‌కి 2022 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ పెద్దవాళ్ళ రక్షణకి ఐదు నక్షత్రాలిచ్చింది. పిల్లల రక్షణకి మూడే. ప్రకటనల్లో ఐదే వినపడుతుంది. పైగా ఆ పరీక్షలో పిల్లల బొమ్మల్ని కూర్చోబెట్టేది రెండో వరుసలో. మన పిల్లల్ని మనం తోసేది మూడో వరుసలోకి. అక్కడ ఎవరూ గుద్ది చూడలేదు. బండి చెడ్డదని నేననడం లేదు, అది మంచి బండే. వెనక కూర్చునేవాడి తరఫున ఎవరూ పరీక్ష రాయలేదంటున్నాను.

ఇక అసలు ఆఫ్ రోడ్డు. వంజంగి మేఘాల కొండకి సీజన్లో తెల్లారకముందే బండ్లు బారులు తీరతాయి. అందులో కొందరికి కొండ కన్నా బురద ముఖ్యం. లో రేంజ్ వేసి, చక్రాలు తిప్పి, గాడి కోసి, వీడియో తీసుకుని వెళ్ళిపోతారు. ఆ గాడి తర్వాత వానకి కాలవవుతుంది. అయ్యా, తమరు ఆఫ్ రోడ్డు అంటున్నది ఇక్కడ ఒకళ్ళ రోడ్డు. దాని మీదే పిల్లలు బడికెళ్తారు, సంతకి కావిళ్ళు దిగుతాయి, నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీ కట్టి మోసుకొస్తారు. వాళ్ళకి అది సాహసం కాదు.

ఏజెన్సీలో నిజంగా రోడ్డు లేని చోటికి వెళ్ళే బండ్లేవో చూడండి. ఒకటి జీపు. పాత కమాండర్లు, ట్రాక్సులు, ఇప్పుడు బొలేరోలు. రెండోది, 2018లో ప్రభుత్వం తెచ్చిన ఫీడర్ అంబులెన్సు: మోటారు సైకిలుకి పక్కన రోగి పడుకునే తొట్టి. పాతిక లక్షల బండి తిరగలేని మలుపులో అది తిరుగుతుంది. మూడోది డోలీ, నలుగురి భుజాలు. నేను చిన్నప్పట్నుంచీ ఎరిగిన ఒక జీపు డ్రైవరన్నని అడిగాను, "అన్నా, ఫోర్ వీల్ లేకుండా ఎలా నడుపుతావు?" అని. "వాన పడితే నడపను బాబూ. ఆగుతాను. గెడ్డ తగ్గాక ఎల్తాను," అన్నాడు. ఇంతకు మించిన ఆఫ్ రోడ్ పాఠం ఇంకెక్కడా వినలేదు.

వానాకాలంలో కూడా పైకి వెళ్ళి తీరాల్సినవాళ్ళుంటారు. డాక్టరు, నర్సు, టీచరు, కాఫీ తోట చూసుకునేవాడు. వాళ్ళకి ఫోర్ వీల్ డ్రైవ్ పనిముట్టు, వాళ్ళతో నాకు పేచీ లేదు. ఏడాదికి నాలుగుసార్లు ఊరొచ్చి, తారు రోడ్డు మీద ఇంటి గుమ్మంలో దిగే నాలాంటివాడు "మాది కొండ ఊరండీ" అని దాన్ని కొనడం మీదే నా పేచీ. ఆ కొనుగోలులో ఇంకో ప్రమాదం ఉంది. డబ్బున్నవాడు గుంటని బండితో దాటేస్తే గుంట గురించి అడగడం మానేస్తాడు. గట్టిగా అడగగలిగిన గొంతు అద్దాలెత్తుకుని ఏసీలో వెళ్ళిపోతుంది. మిగిలినవాళ్ళ గొంతు ఎవరికీ వినపడదు. 2000 డిసెంబరులో మొదలైన గ్రామ సడక్ యోజనలో గిరిజన ప్రాంతాల్లో కనీసం 250 మంది ఉన్న ఆవాసానికే రోడ్డన్నారు. మా కొండల మీద ఒక్కో ఊరు ఇరవై గడపలు. 2023 నవంబరులో పీఎం జన్‌మన్ వచ్చాక ఆదిమ తెగల ఊళ్ళకి వంద మందున్నా చాలన్నారు. 2025 ఏప్రిల్లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో అడవితల్లి బాట మొదలుపెట్టారు. వెయ్యి కోట్ల పైచిలుకు పని. అది కొండ మీది చివరి గడప దాకా వెళ్ళిందా లేదా అని అడగాల్సింది మేమే. లో రేంజ్ గేరు ఆ పని చెయ్యదు.

అంచేత మా ఇంటి తీర్మానం ఇది. షోరూముకి నాయనమ్మని, పాపని తీసుకెళ్తాను. ముందు వాళ్ళెక్కుతారు, నేను కాదు. బీచ్ రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్ వద్దు, ఏడుగురితో ఘాట్ ఎక్కి దిగనిస్తేనే మాట్లాడతాను. మూడో వరుసలో నేనే కూర్చుంటాను. అడుగు ఎత్తు, తలుపు వెడల్పు, వెనక ఏసీ గాలి, నిండు బండిలో బ్రేకు - ఈ నాలుగూ చూస్తాను. ఫోర్ వీల్ డ్రైవ్‌కి అదనంగా అడిగే లక్షలు టైర్లకీ, నాన్నకి ఘాట్ దిగడంలో మళ్ళీ నాలుగు పాఠాలకీ. రోడ్డు లేని ఊరికి వెళ్ళాల్సొస్తే ఆ జీపన్నకి కిరాయి ఇస్తాను, ఆయన ఆగమంటే ఆగుతాను.

బావ ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకోనక్కర్లేదు. తిరుగు ప్రయాణంలో బస్సెక్కాడు, ఆ ఓటు చాలు నాకు.